రుద్రమ ధారపోసిన వెలగపూడి

అందరికీ నమస్కారం.

రుద్రమదేవి అనగానే మనకు గుర్రం, కత్తి గుర్తొస్తాయి. తప్పులేదు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు ఓరుగల్లు మీదికి దండెత్తి వస్తే తరిమికొట్టిన మనిషి ఆమె. శాసనాల్లో చాలాచోట్ల ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అనే రాశారు. కానీ ఈరోజు నేను యుద్ధాల జోలికి పోను. ఒక రాయి గురించి చెబుతాను.

అది మల్కాపురం శాసనం. కృష్ణ ఒడ్డున, ఇప్పటి అమరావతి ప్రాంతంలోనే ఉంది. సంవత్సరం 1261. గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం ఊరు ఇస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. కూతురు రుద్రమ ఆ మాట నిలబెట్టి, పక్కనున్న వెలగపూడిని కూడా కలిపి ధారపోసింది. అవును, సచివాలయం ఉన్న ఆ వెలగపూడే!

ఆ ఊళ్ల ఆదాయంతో గురువుగారు గుడి, మఠం, సత్రం, చదువుకునే పిల్లలకు బస ఏర్పాటు చేశారు. వాటితోపాటు ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల. వైద్యుడికి జీతం బదులు భూమి. సత్రంలో అన్నం ఏ కులం వాళ్లకైనా పెట్టాలని కూడా చెక్కించారు.

ప్రసూతిశాల అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మా అమ్మమ్మకు ఆరు కాన్పులూ ఇంట్లోనే అయ్యాయి, మంత్రసాని చేతుల మీద. ఇద్దరు బిడ్డలు దక్కలేదు. ఆవిడ పుట్టడానికి ఆరున్నర శతాబ్దాల ముందే, కాన్పు కోసం విడిగా ఒక చోటు ఉండాలని తలచి, దాని ఖర్చుకు ఆదాయంలో వాటా రాసిపెట్టారంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ముగ్గురు కూతుళ్ల తల్లి రుద్రమ. కాన్పు కష్టం ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా?

మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో, ఇక్కడి రాణి న్యాయాన్నీ శాంతినీ ప్రేమించేదని మెచ్చుకున్నాడు. గణపతిదేవుడి భార్య అని పొరబడ్డాడు గానీ, ఆమె పేరు మాత్రం సముద్రాలు దాటింది.

చివరికి ఆమె ఎప్పుడు పోయింది? 1295 దాకా ఏలిందని చాలా పుస్తకాల్లో ఉండేది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికాక ఆ లెక్క మారింది, అప్పటికే ఆమె పోయిందని తేలింది. వేయించింది రాజులు కాదు. సేనాని మల్లికార్జున నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి. మహారాణికీ, తన నాయకుడికీ శివలోకం దక్కాలని సోమనాథుడికి కాస్త భూమి ఇచ్చి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు.