మూడో మంచం: చెన్నై హాస్టల్ కబుర్లు

హోస్ట్: నమస్తే అండీ. జూలై, ఆగస్టు నెలల్లో చెన్నై సెంట్రల్లో నిలబడితే పినాకినీ దిగే మన కుటుంబాలను ఇట్టే పట్టేయొచ్చు. నాన్న భుజం మీద చుట్టిన పరుపు, అమ్మ ఒళ్లో నూనె కారుతున్న ఆవకాయ డబ్బా, అమ్మాయి చేతిలో కొత్త బకెట్టు. దాని మీద రేటు స్టిక్కరు కూడా ఇంకా ఊడి ఉండదు. ఇంకో రెండు గంటల్లో ఆ ముగ్గురూ ఎవరి ముందు నిలబడి "మా పిల్లను జాగ్రత్తగా చూసుకోండమ్మా" అంటారో, ఆవిడే ఇవాళ మన అతిథి. చెన్నైకి దక్షిణాన ఒక యూనివర్సిటీ, అందులో ఆడపిల్లల హాస్టల్, అక్కడ 11 ఏళ్లుగా పని. పిల్లల సంగతులు మాట్లాడుకుంటాం కాబట్టి తన పేరూ, యూనివర్సిటీ పేరూ చెప్పొద్దన్నారు. నమస్కారం మేడమ్, వార్డెన్‌గా...

వార్డెన్: నమస్కారం నాయనా. డిప్యూటీ వార్డెన్ అను. వార్డెన్ అంటే ప్రొఫెసర్ గారు, ఆవిడ సంతకాలు పెడతారు. రాత్రి రెండింటికి తలుపు కొట్టేది మా గదిదే.

హోస్ట్: (నవ్వు) నేను కూడా నాలుగేళ్లు చెన్నై హాస్టల్లోనే ఉన్నానండీ. త్రీ షేరింగ్. నేను, తెనాలి వాడొకడు, ఒక ఒడియా కుర్రాడు. స్వర్గం అనుకోండి.

వార్డెన్: ఎవరికి?

హోస్ట్: అంటే... ముగ్గురికీ.

వార్డెన్: సరే, కానీ.

హోస్ట్: ఊళ్లో బతికేటప్పుడు మనం బయటివాళ్లం కదా. భాష రాదు, ఆటోవాడు ఏమంటున్నాడో తెలీదు, మెస్‌లో మూడు పూటలా సాంబారు. మొదటి ఏడాది మన పిల్లలు పడే ఇబ్బంది ఏంటో మీ దగ్గర్నుంచి వినాలని.

వార్డెన్: ఇబ్బంది ఉంది, లేదనను. మొన్నొక పిల్ల ఏడ్చుకుంటా వచ్చింది. ఏందమ్మా అంటే, "ఆ సీనియర్ అక్క నన్ను సొల్లు, సొల్లు అంటోంది మేడమ్" అంది. ఆ తమిళ పిల్ల పాపం, ఏమైందో చెప్పు అని అడుగుతా ఉంది, అంతే. బోర్డు మీద పచ్చడి అని రాసుంటే మనోళ్లు పరిగెత్తుకుంటా పోతారు. తీరా చూస్తే పెరుగులో దోసకాయ ముక్కలు. ఇట్టాంటివి నెల రోజుల్లో సర్దుకుంటాయి. నాకు వాటి గురించి బెంగ లేదబ్బా.

హోస్ట్: మరి దేని గురించి?

వార్డెన్: ఊళ్లో మనం బయటివాళ్లమే. గేటు దాటి లోపలికొస్తే లెక్క మారిపోతుంది. మా హాస్టల్లో 400 మంది పైచిలుకు. అందులో సగం కంటే ఎక్కువ తెలుగు పిలకాయలే. కారిడార్లో తెలుగు, టీవీ గదిలో తెలుగు, వాట్సాప్ గ్రూపులో తెలుగు. నీళ్లు రావట్లేదన్న కబురు కూడా ముందు తెలుగులోనే వచ్చేది. అప్పుడు బయటివాళ్లు ఎవరు చెప్పు? ఆ ఒడియా పిల్ల, మిజోరం పిల్ల. ఒక్కోసారి ఈ ఊళ్లోనే పుట్టిన తమిళ పిల్ల!

హోస్ట్: ఈ కోణం నేను ఆలోచించలేదండీ.

వార్డెన్: ఎవరూ ఆలోచించరు. ఎక్కువమంది ఉన్నవాళ్లకి తాము ఎక్కువమంది అని తెలీదు. నాకే చాలా ఏళ్లు పట్టింది. రూములు ఇచ్చేది నేనే కదా, ఎక్సెల్ షీటు నా దగ్గరే. ముందు ఎట్టా ఇచ్చేదాన్నంటే, అమ్మానాన్నలు వచ్చి "మా పిల్లని తెలుగువాళ్లతో వెయ్యండి" అంటారు. నెల్లూరు నుంచి వచ్చినదాన్ని, నాకూ జాలే. సరే అని ఇద్దరు తెలుగువాళ్లని వేసి, మూడో మంచం మిగిలితే ఎవరో ఒకర్ని వేసేదాన్ని. అంతకంటే పెద్ద తప్పు లేదు.

హోస్ట్: ఎందుకండీ?

వార్డెన్: ముగ్గురూ మూడు భాషలవాళ్లైతే వచ్చీరాని ఇంగ్లీషో హిందీయో, ఏదో ఒకటి మాట్లాడుకోక తప్పదు. ముగ్గురూ ఒకే భాషవాళ్లైనా గొడవ లేదు. ఇద్దరు, ఒకరు అయిందనుకో, ఆ ఇద్దరూ చెడ్డవాళ్లు కాకపోయినా సరే, రాత్రి లైటార్పాక మంచాల మీద పడుకుని తెలుగులో నవ్వుకుంటా ఉంటారు. ఆ మూడో పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటుంది. తన గురించే నవ్వుతున్నారనుకుంటుంది. అనుకోదా మరి? ఒక పిల్ల అట్టా ఎనిమిది నెలలు ఉండింది. ఒక్కరోజు కూడా ఫిర్యాదు చెయ్యలే. వెళ్లేటప్పుడు రూము మార్పు ఫారంలో కారణం అన్నచోట ఏం రాసిందో తెలుసా? "స్టడీ టేబుల్ చిన్నది." మూడు టేబుళ్లూ ఒకటే సైజు.

హోస్ట్: అయ్యో.

వార్డెన్: అప్పట్నుంచి నా షీటులో రెండు-ఒకటి ఉండదు. మూడు భాషలన్నా ఉండాల, లేకుంటే అందరిదీ ఒకటే భాషన్నా. మొదటి ఏడాది మాత్రం వీలైనంతవరకు కలిపే వేస్తా. రెండో ఏడాది వాళ్లిష్టం. అమ్మానాన్నలు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

హోస్ట్: రూల్స్‌లో దీని గురించి ఏమైనా ఉందా?

వార్డెన్: మంచాల గురించి లేదు గానీ, ఒకటుంది. ర్యాగింగ్ అంటే సీనియర్ జూనియర్‌ని నిలబెట్టి పాట పాడించడమే అనుకుంటారు. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలకి 2016లో ఒక సవరణ చేశారు. రంగు, కులం, మతం, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, డబ్బున్నవాళ్లా లేనివాళ్లా, వీటిల్లో దేన్ని పట్టుకుని ఒకర్ని వేధించినా, వెలి పెట్టినా అది ర్యాగింగే. వెలి పెట్టడం అన్న మాట కూడా అందులో ఉంది. తమిళనాడులో అయితే 1997 నుంచే ర్యాగింగ్ మీద చట్టం ఉంది. వీటన్నిటికీ అడ్మిషన్ రోజు అమ్మానాన్నలు, పిల్లలు చదవకుండా సంతకాలు పెట్టేస్తారు. 1800-180-5522 అని హెల్ప్‌లైన్ నంబరు గోడమీద ఉంటుంది. దానికి అడ్డంగా క్యాలెండరు పెట్టుకోకుండా చూస్తే చాలు, నేను సంతోషిస్తా.

హోస్ట్: కులం సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. హాస్టల్లో అది ఎలా కనిపిస్తుంది?

వార్డెన్: ఎవరూ నోరు తెరిచి అడగరు నాయనా. "ఇంటిపేరేంది?" అంటారు. "ర్యాంకెంత?" అంటారు. ఆ రెండూ చాలు కదా మనోళ్లకి. ఇంకోటి చెప్తా, అది మేం చేసిన పనే. మెస్ బకాయిలున్నవాళ్ల పేర్ల లిస్టు ప్రతి నెలా మెస్ తలుపు మీద అంటించేవాళ్లం. ఆఫీసులో ఎవరో ఎప్పుడో పెట్టిన అలవాటు. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యమైన పిలకాయలందరి పేర్లూ అందులోనే. అంటే ఎవరు స్కాలర్‌షిప్ మీద చదువుతున్నారో ఊరందరికీ మేమే టముకు వేసినట్టు. ఒక పిల్ల ఆ లిస్టు పడిన వారమంతా మెస్‌కి రాలేదు, గదిలో బిస్కెట్లు తిని ఉండింది. లిస్టు పీకేశాను. ఇప్పుడు ఎవరి బకాయి వాళ్ల ఫోనుకే పోతుంది. అకౌంట్స్ సార్ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

హోస్ట్: మెస్‌కి రాలేదని మీకెలా తెలిసింది?

వార్డెన్: మా మెస్ అన్న చెప్పాడు. ఆయనకి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. పేర్లు కూడా తెలీవు. "పచ్చ డబ్బా పొణ్ణు మూడ్రోజులుగా రాలే" అంటాడు. ఆ పిల్ల పచ్చ డబ్బాలో కందిపొడి తెచ్చుకునేది. ఎవరికి ఒంట్లో బాలేదో, ఎవరు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చారో నాకంటే ముందు ఆయనకి తెలుస్తుంది. వేలిముద్ర మిషను పెట్టారు, అది గేటు దగ్గర ఉన్నారా లేదా చెప్తుంది. అన్నం తిన్నారా లేదా చెప్పదు.

హోస్ట్: కౌన్సెలర్లు ఉంటారు కదా ఇప్పుడు.

వార్డెన్: ఉండాలి. విశాఖలో కోచింగ్‌కి వచ్చిన ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, వందమంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని. మా దగ్గర ఉన్నావిడ మంచావిడే, తమిళం, ఇంగ్లీషు వచ్చు. బాధ వచ్చినప్పుడు ఇంగ్లీషు వస్తుందా నాయనా? నన్ను పక్కన కూర్చుని అనువాదం చెయ్యమన్నారు ఒకసారి. కూర్చోనన్నా.

హోస్ట్: కూర్చోనన్నారా?

వార్డెన్: ఆ పిల్ల నా ముందు ఎట్టా చెప్తుంది? రేపు గేటు పాస్ మీద సంతకం పెట్టేది నేనే కదా. నేను వాళ్లమ్మకి ఫోన్ చేస్తానన్న భయం ఒకటి. అందుకని 14416 ఇచ్చా. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు చూసుకుంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. నా ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, నేను బయట మెట్ల మీద కూర్చున్నా. నలభై నిమిషాలు. బయటికొచ్చి "మేడమ్, ఆకలేస్తోంది" అంది. చెన్నైలోనే స్నేహ అని ఇంకో సంస్థ ఉంది, 1986 నుంచి ఉంది, ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్లతో మాట్లాడేవాళ్లు. ఇవన్నీ పిలకాయలకి అడ్మిషన్ రోజు చెప్తే ఎక్కవు. సెమిస్టర్ రిజల్ట్స్‌కి ముందు రోజు చెప్పాల.

హోస్ట్: దివ్యాంగులైన విద్యార్థుల సంగతి? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం అందుకునే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి కదా.

వార్డెన్: సీటు ఇస్తారు, ఆ తర్వాతే ఉంది. చూపు లేని పిల్ల ఒకతి వచ్చింది మూడేళ్ల కిందట. మేం పెద్ద హడావిడి చేశాం, ర్యాంపు వేయించాం. ఆ పిల్ల నవ్వింది. "మేడమ్, నాకు కాళ్లు బాగానే ఉన్నాయి. కారిడార్లో బకెట్లు తీయించండి చాలు" అంది. బకెట్లు, చెప్పుల స్టాండ్లు, బట్టలారేసే స్టాండ్లు... రోజూ చోటు మారుతుంటాయి కదా, తను అడుగులు లెక్క పెట్టుకుని నడుస్తుంది. ఇంకోటి అడిగింది. నోటీసులన్నీ మేం ఫొటో తీసి గ్రూపులో పెడతాం. ఫోన్లో చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఫొటో వస్తే "ఇమేజ్" అని మాత్రం అంటుందట. అంటే ఏడాదంతా ఆ పిల్లకి హాస్టల్ నోటీసులు "ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్". ఇప్పుడు టైపు చేసి పెడతాం, ఇంగ్లీషులో. దాంతో తెలుగు రానివాళ్లకి కూడా నీళ్ల కబురు తెలుస్తోంది! మేం అనుకుని చేసింది కాదు అది.

హోస్ట్: అబ్బాయిలకి పదింటికి గేటు, అమ్మాయిలకి ఎనిమిదిన్నరకి. ఇది?

వార్డెన్: అన్యాయమే. నేనే తాళం వేస్తా, నేనే చెప్తున్నా. ఏటా రాసి పంపుతున్నా, ఏటా ఫైలు పైకి పోతుంది. తర్వాత అడుగు.

హోస్ట్: (నవ్వు) సరే. అందరూ కలిసిపోయిన సందర్భం, మీకు బాగా గుర్తున్నది?

వార్డెన్: ఫెస్ట్‌లు, ఫ్రెషర్స్ డే అని చెప్పమంటావేమో, అవి ఫొటోలకే. మిచాంగ్ తుపాను, 2023 డిసెంబరు. మూడో తారీఖు రాత్రి నుంచి వాన, వేళచ్చేరి అంతా మునిగింది, మాకు కరెంటు పోయింది. జనరేటరుకి డీజిల్ అయిపోయింది. ఫోన్లన్నీ చచ్చిపోయినాయి. మెస్ అన్న గ్యాసు మీద వట్టి అన్నం, రసం చేశాడు. అప్పుడు బయటికొచ్చినాయి చూడు సీసాలు! మంచాల కింద నుంచి ఆవకాయ, గోంగూర, మలయాళీ పిలకాయల చేపల పచ్చడి, నాగాలాండ్ పిల్ల తెచ్చిన ఎండు మిరపకాయలు. ఒక కొవ్వొత్తి చుట్టూ పది కంచాలు.

హోస్ట్: బాగుందండీ.

వార్డెన్: అది కాదు నేను చెప్పబోయింది. నాలుగో తారీఖుకి ఆ తుపాను మమ్మల్ని వదిలి పైకి పోయింది. ఎక్కడికి? బాపట్లకి. ఐదో తారీఖు అక్కడ తీరం దాటింది. మా దగ్గర బాపట్ల, చీరాల, రేపల్లె పిలకాయలు బోలెడుమంది. ఇంటికి ఫోన్ కలవదు. హాస్టల్ మొత్తానికి మెస్ అన్న బ్యాటరీ రేడియో ఒక్కటే దిక్కు, దాంట్లో వార్తలు తమిళంలో. అప్పుడు ఒక తమిళ పిల్ల, పొన్నేరి పిల్ల, మామూలుగా ఎవరితోనూ మాట్లాడదు. రేడియో పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కో వాక్యం విని, వచ్చీరాని తెలుగులో చెప్తా ఉంది. "బాపట్ల దగ్గర దాటింది... గాలి తగ్గుతా ఉంది... మనుషుల్ని ముందే స్కూళ్లకి పంపినారు..." ముప్పైమంది మన పిలకాయలు నేల మీద కూర్చుని ఆ పిల్ల నోటివంక చూస్తా ఉన్నారు.

హోస్ట్: ఆ అమ్మాయికి తెలుగు ఎక్కడ వచ్చింది?

వార్డెన్: అదే అడిగా. "రూమ్‌లో విన్నాను మేడమ్" అంది. రెండు-ఒకటి రూము. నేను మార్చకముందు వేసిన ఆఖరి బ్యాచి. ఏడాదిన్నరగా వాళ్లిద్దరూ మాట్లాడుకునేది మొత్తం అర్థమవుతా ఉంది ఆ పిల్లకి. వీళ్లకా సంగతి తెలీదు. ఆ రూము పిల్లలిద్దరి మొహాలు కొవ్వొత్తి వెలుగులో చూడాల్సింది నువ్వు.

హోస్ట్: ...

వార్డెన్: ఏంది, మాటల్లేవా?

హోస్ట్: మా ఒడియా వాడు గుర్తొచ్చాడండీ.

వార్డెన్: ఏ ఊరు ఆ అబ్బాయిది?

హోస్ట్: ఒడిశా.

వార్డెన్: ఒడిశా ఊరు కాదు కదా నాయనా.

హోస్ట్: ఊరు... అడగలేదండీ.

వార్డెన్: నాలుగేళ్లూ?

హోస్ట్: నాలుగేళ్లూ. మా తెనాలి వాడూ నేనూ పొద్దుపోయేదాకా మాట్లాడుకునేవాళ్లం. వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పడుకునేవాడు. పాటలు వింటున్నాడనుకునేవాణ్ణి.

వార్డెన్: నంబరుందా?

హోస్ట్: ఫోన్లో ఉండాలి. ఒడియా అని సేవ్ చేసుకున్నా... పేరు కూడా కాదు.

వార్డెన్: చూసుకో మరి. నాకు ఏడున్నరకి మెస్‌లో పనుంది, ఇవాళ కొత్త బ్యాచి మొదటి రాత్రి. రికార్డింగు ఆపేయ్ నాయనా.