పేరు లేని బ్యాండుకి గ్యారంటీ డబ్బు ఇవ్వాలా? కర్నూలు, అనంతపురం షోల లెక్క

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి షోకి పోయే బ్యాండుకి కర్నూలు, అనంతపురం రెండూ 44వ నంబరు హైవే మీదే తగులుతాయి. దారిలో ఆడి పోదామని అక్కడ షో పెట్టేవాళ్ళని అడిగితే వచ్చే జవాబు: "మిమ్మల్ని ఇక్కడ ఎవరూ ఎరగరు. గేటు (టికెట్ల డబ్బు) ఎంత వస్తే అంత తీసుకోండి."

ఇది న్యాయం కాదు. పేరు రాకముందు పెద్ద పారితోషికం అడగొద్దు, సరే. దారి ఖర్చు మాత్రం గ్యారంటీగా రావాల్సిందే.

సురభి వాళ్ళు టికెట్ మీదే బతికారు కదా అంటారు. నిజమే. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం అది. కానీ వాళ్ళు ఒక ఊళ్ళో డేరా వేస్తే వారాల తరబడి ఆడేవాళ్ళు. మొదటి రోజు చూసినోళ్ళు నలుగురికి చెప్తే మూడో రోజుకి జనం నిండేవాళ్ళు. బ్యాండు ఆడేది ఒక్క రాత్రి. అనంతపురంలో షో బాగుందన్న మాట పాకేసరికి వ్యాన్ పెనుకొండ దాటి ఉంటుంది. గేటు మీదే నడవాలంటే ఊళ్ళో ఉండే టైం కావాలి, ఆ టైం వీళ్ళకి లేదు. మన పల్లెల్లో పౌరాణిక నాటకానికైనా అడ్వాన్సు ముట్టందే పార్టీ బండెక్కదు గదా!

ఇప్పుడు లెక్క చూద్దాం. ఐదుగురు బ్యాండు, ఒక సౌండ్ మనిషి, డ్రైవరు. కర్నూలు, అనంతపురం, బెంగళూరు మూడు షోలు. పోను రాను సుమారు 1,140 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు, దెబ్బ అక్కడే తగులుతుంది. లీటరుకి 10 కిలోమీటర్లు, డీజిల్ 100 రూపాయలు అనుకుంటే 11,400. షోకి 3,800. వ్యాన్ బాడుగ, డ్రైవర్ బత్తా, టోల్ కలిపి షోకి 4,500 వేద్దాం. ఏడుగురికి తిండి 2,800, రెండు రూములు 3,000. ఒక్కో షోకి మొత్తం 14,100. ఎవరి చేతికీ ఇంకా ఒక్క రూపాయి కూలి రాలేదు.

టికెట్ 200 పెట్టి గేటులో 70 శాతం బ్యాండుకిస్తే, ఈ ఖర్చు తీరడానికే 101 మంది రావాలి. ఎవరూ ఎరగని బ్యాండుకి కొత్త ఊళ్ళో ఇది కష్టం.

షోకి పిలిచినాయన భయం కూడా నిజమే. హాలు, సౌండ్ బాడుగ ఆయన నెత్తినే ఉంటాయి. అందుకే తిండి, బస ఆయనే చూసుకుంటే గ్యారంటీ తగ్గించండి. తెలిసినవాళ్ళ మేడ మీద రెండు గదులు, ఇంటి భోజనం దొరికితే 5,800 తగ్గి 8,300 మిగులుతుంది. 9,000 గ్యారంటీ లేదా గేటులో 70 శాతం, ఏది ఎక్కువైతే అది. 60 టికెట్లే తెగినా గేటు 12,000. బ్యాండుకి 9,000 ఇచ్చినా ఆయనకి 3,000 మిగులుతుంది, హాలు, సౌండ్ ఖర్చులో కొంతైనా తీరుతుంది.

గొడవ ఎక్కువగా వచ్చేది సౌండ్ దగ్గర. జాతరలకి ఇచ్చే సౌండ్ సెట్‌లో బేస్ బాక్సులు పెద్దవి ఉంటాయి, మిక్సర్‌లో ఛానెళ్ళు (మైకులు, వాయిద్యాలు కలిపే దారులు) చాలవు. డ్రమ్స్‌కి 4 మైకులు, గిటార్లకి 2, బేస్ గిటారుకి 1, కీబోర్డుకి 2, గొంతులకి 3 అంటే 12 ఛానెళ్ళు. పాడేవాళ్ళకి ఎదురుగా మానిటర్లు (వాళ్ళ పాట వాళ్ళకే వినిపించే స్పీకర్లు) లేకపోతే శ్రుతి తప్పుతారు. "షో బాలేదు" అని మిగతా డబ్బు ఆపేస్తారు. రాత్రి 10 తర్వాత ఆరుబయట మైకు మోగించకూడదన్న రూలు ఇంకొకటి. షో ఆలస్యంగా మొదలై మధ్యలో ఆగితే తప్పు బ్యాండుది అవుతుంది.

అందుకే ఒప్పుకునే రోజే వాట్సాప్‌లో పెట్టండి: "గ్యారంటీ 9,000. సగం 15 రోజుల ముందు ఫోన్‌పే. మిగతా సగం స్టేజీ ఎక్కకముందు. 12 ఛానెళ్ళ మిక్సర్, 3 మానిటర్లు, తిండి, బస మీవి. షో 7కి మొదలు. షోకి వారంలోపు మీరు రద్దు చేస్తే అడ్వాన్సు వాపసు లేదు." అవతల నుంచి "సరే" అని వచ్చాకే వ్యాన్ మాట్లాడండి.

గేటులో వాటా ఉంటే నంబర్లున్న టికెట్ బుక్కే వాడాలి. మొదటి నంబరు, ఫ్రీ పాసుల సంఖ్య గేటు తెరవకముందే ఇద్దరూ రాసుకుని, షో సగంలో కౌంటర్ ఫాయిల్స్ దగ్గర మీ మనిషి ఒకరు నిలబడాలి.