ట్రంప్ అడ్డాలో సర్కారు బ్యాంకు! 100 ఏళ్లు దాటినా ఎవరూ ముట్టుకోలేదు

నమస్తే అండీ! తాను డెమోక్రటిక్ సోషలిస్టునని చెప్పుకునే మమ్దానీ న్యూయార్క్ మేయర్‌గా గెలిచాడో లేదో, డల్లాస్‌లో ఉన్న మా బావ దగ్గర్నుంచి మెసేజ్‌లే మెసేజ్‌లు. "అయిపోయింది, అమెరికా క్యూబా అయిపోయింది. సర్కారు కిరాణా కొట్లు పెడతాడంట!" బావా, ఈ వీడియో నీ కోసమే. స్కిప్ చేయకుండా చూడు.

సర్కారు కొట్టు అంటేనే ఉలిక్కిపడుతున్నావు. సర్కారు బ్యాంకు గురించి చెప్పనా? అమెరికాలోనే ఉంది. బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా. 1919 నుంచి నడుస్తోంది. ఓనరు రాష్ట్ర ప్రభుత్వం. ఆ రాష్ట్రం 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో ఒక్క డెమోక్రాట్‌నీ గెలిపించలేదు. ట్రంప్‌కి మూడుసార్లూ 60 శాతం పైనే ఓట్లు! మళ్లీ చెప్తున్నా, రాసుకోండి. సర్కారు బ్యాంకు. ట్రంప్ ఓటర్లు.

అన్నట్టు, మనకి ఎరుపంటే కమ్యూనిస్టులు, అక్కడ ఎరుపంటే ట్రంప్ పార్టీ, అంటే రిపబ్లికన్లు. టీవీలో ఎన్నికల మ్యాప్ చూసి మా నాన్న "అమెరికాలో ఇంతమంది ఎర్రజెండా వాళ్లున్నారట్రా?" అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ, నార్త్ డకోటా విషయంలో ఆయన మరీ తప్పేం కాదు.

ఎందుకంటారా? గోధుమ పండించేది అక్కడి రైతులు. తూకం, గ్రేడు, ధర తేల్చేది మినియాపోలిస్ వ్యాపారులు. అప్పు కావాలంటే నడ్డి విరిచే వడ్డీ. ఈ కథ మన మిర్చి రైతుకి విడమరిచి చెప్పక్కర్లేదు కదా! 1915లో ఆర్థర్ టౌన్లీ అనే ఆయన, అంతకుముందు సోషలిస్టు పార్టీకి పనిచేసినవాడే, ఫోర్డు కార్లో ఊరూరా తిరిగి నాన్‌పార్టిజన్ లీగ్ అని రైతుల సంఘం కట్టాడు. మజా ఇక్కడుంది. వేరే పార్టీ పెట్టలేదు. రిపబ్లికన్ ప్రైమరీల్లోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లోనే, తన మనుషుల్ని దించాడు! 1916లో గవర్నర్ సీటు కొట్టారు. 1919లో బ్యాంకు, 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో పిండిమిల్లు. మధ్యలో 1921లో ఆ గవర్నర్ లిన్ ఫ్రేజియర్‌ని జనమే పదవి మధ్యలో ఓటేసి దించి (రీకాల్ చేసి) ఇంటికి పంపారు. మనిషిని పంపారు, బ్యాంకుని ఉంచుకున్నారు! మిల్లు ఇవాళ్టికీ రాష్ట్రానిదే. సర్కారు గోధుమపిండి ఆడిస్తే సంప్రదాయం, అదే పిండి సర్కారు కొట్లో అమ్మితే సోవియట్!

నా థియరీ చెప్తా, తిట్టుకుంటే తిట్టుకోండి. అమెరికాలో సోషలిజం అనేది అసలు సిద్ధాంతం కాదు. ఇంకా చట్టం కాని పథకానికి పెట్టే ముద్దుపేరు. చట్టమైందా, ఇక "నా హక్కు, చెయ్యి వేస్తే ఊరుకోను" అంటారు. 1935లో సోషల్ సెక్యూరిటీకి, అంటే సర్కారు పింఛను పథకానికి, ఇదే తిట్టు. 1961లో రీగన్, సర్కారు వైద్యం వస్తే సోషలిజమే అని డాక్టర్ల సంఘం కోసం ఏకంగా గ్రామఫోన్ రికార్డు ఇచ్చాడు. 1965లో మెడికేర్, అంటే ముసలివాళ్లకి సర్కారు ఆరోగ్య బీమా, వచ్చింది. అదే రీగన్ ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. ఎత్తేశాడా? ఎత్తేస్తే ముసలివాళ్లు బతకనిస్తారా!

పోనీ ఇప్పటి సంగతి. "అమెరికా ఎప్పటికీ సోషలిస్టు దేశం కాదు" అని 2019లో గర్జించిన ట్రంప్, 2025 ఆగస్టులో చిప్‌ల కంపెనీ ఇంటెల్‌లో ప్రభుత్వానికి దాదాపు 10 శాతం వాటా తీసుకున్నాడు. అప్పుడు మా బావ నుంచి ఒక్క మెసేజ్ లేదు!

మమ్దానీ గెలిచిన రాత్రి తలుచుకున్న పాతకాలపు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ గురించి వేరే వీడియో చేస్తా. యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు జైల్లో పడి, 1920లో అక్కడి నుంచే అధ్యక్షుడిగా పోటీచేసి 9 లక్షల పైన ఓట్లు తెచ్చుకున్నాడు. మామూలు మనిషి కాదు.

బావా, నీ పే స్లిప్ తీయి. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45. అరవై అయిదేళ్లు వచ్చాక ఆ మెడికేర్ కార్డు వద్దని రాసిస్తావా? కామెంట్లో పెట్టు. నార్త్ డకోటాలోని ఫార్గోలో చదువుకునే మన పిల్లలెవరైనా చూస్తుంటే, రాజధాని బిస్మార్క్ వెళ్లినప్పుడు ఆ బ్యాంకు ముందు ఒక ఫొటో దిగి పంపండి. మా బావకి ఫార్వర్డ్ చేయాలి.