ఉన్నపళంగా ఇల్లు వదలాల్సి వస్తే

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు వదిలి బయటపడాల్సిన సందర్భాలు రెండు రకాలు. మంట అంటుకున్నా, గ్యాస్ వాసన గుప్పుమన్నా దేనికోసమూ ఆగకూడదు. గ్యాస్ వాసన వస్తుంటే లైటు వేయకండి, వెలుగుతున్నది ఆర్పకండి. స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వ చాలు. ఫోన్ చేయడం కూడా బయటికి వెళ్లాకే. పొగ కమ్మితే నేలకు దగ్గరగా వంగి కదలండి, తలుపు తీసేముందు అరచేతి వెనుక భాగాన్ని ఆనించి చూడండి. వేడిగా ఉంటే తీయవద్దు, వేరే దారి చూసుకోండి.

వరద, తుఫాను లాంటివాటికి మాత్రం కాస్త వ్యవధి దొరుకుతుంది. అది వెతుకులాటలో పోకుండా ముందే ఒక సంచి సర్ది ఉంచుకోవాలి. వీపుకు తగిలించుకునేదైతే మంచిది, పిల్లల్ని పట్టుకోవడానికి రెండు చేతులూ మిగులుతాయి. తాగడానికి, శుభ్రతకు మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల నీళ్లు కావాలి. మూడు రోజులకు 12 లీటర్లు, అంటే 12 కిలోలు. అంత మోయలేం. అందుకే సంచిలో ఒకటి రెండు లీటర్లు చాలు. మిగతావి ఇంట్లోనే చిక్కుకుపోతే పనికొచ్చేలా డబ్బాల్లో పట్టి ఉంచండి.

ఎక్కువమంది పొరపడేది టార్చి దగ్గర. సెల్స్ వేసి నెలల తరబడి వదిలేస్తే అవి కారి, లోపలి రేకుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. అవసరానికి టార్చి వెలగదు. సెల్స్‌ని విడిగా కవర్లో పెట్టండి. పవర్ బ్యాంక్ వాడకపోయినా తనంతట తానే ఖాళీ అవుతుంది కనుక మూడు నెలలకోసారి ఛార్జ్ చేయండి, కేబుల్‌ను దానికే కట్టి ఉంచండి.

మందుల విషయంలో దయచేసి అశ్రద్ధ చేయవద్దు. వారానికి సరిపడా, స్ట్రిప్‌తో సహా పెట్టండి. పేరు, గడువు తేదీ ఉండేది దాని మీదే. కొత్తవి కొన్నప్పుడల్లా వాటిని సంచిలో పెట్టి, సంచిలోవి ఇంట్లో వాడేయండి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి "ఫ్రిజ్‌లో ఇన్సులిన్" అని చీటీ రాసి సంచి మీద అంటించండి. తీసుకెళ్లేటప్పుడు ఐసుకు నేరుగా తగలనివ్వకండి. గడ్డకడితే ఇక పనికిరాదు.

ముఖ్యమైన కాగితాల నకళ్లు, కొంత చిల్లర డబ్బు నీళ్లు చొరని కవర్లో ఉండాలి. ఫోన్ నంబర్లు కాగితం మీద రాయండి. వేరే ఊళ్లోని ఒక బంధువుకే అందరూ కబురు చెప్పాలని ముందే అనుకోండి. కాల్ కలవని చోట కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది.

బయల్దేరేముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్, మెయిన్ స్విచ్ కట్టేయండి. నీళ్లలో నిలబడి ముట్టుకోవాల్సి వస్తే మాత్రం ఆ స్విచ్ జోలికి వెళ్లకండి. దారిలో నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగండి. వేగంగా పారే 15 సెంటీమీటర్ల నీళ్లు పెద్దవాళ్లనీ పడేయగలవు, 30 సెంటీమీటర్లు చిన్న కారును తేల్చేయగలవు. పైగా కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనిపించదు.

ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పి, సంచి తగిలించుకుని ఇంటిల్లిపాదీ గేటు దాకా నడిచి చూడండి. సంచి బరువెక్కువైందా, పెరటి తలుపు గడియ తుప్పు పట్టి బిగుసుకుందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

నమస్కారం.