ఫొటోని కాసేపు తెర మీద ఉండనివ్వండి

వేదిక మీదున్న పెద్దలకి, స్టూడియోలు మూసుకుని మరీ వచ్చిన ఫొటోగ్రాఫర్లకి, వీడియోగ్రాఫర్లకి, మిక్సింగ్ చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నమస్కారం. పేరుపేరునా చెప్పాలి, టైమ్ తక్కువుంది, ఏమనుకోవద్దు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని బయటపెట్టింది కాబట్టి ఈ రోజు, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం, మనకి పండగ. ఆ చరిత్ర ఇందాక బాగా చెప్పారు, నేను మళ్లీ ఎత్తుకోను.

నన్ను మాట్లాడమన్నది సంగీతంతో స్లైడ్ షో ఎలా చెయ్యాలి, హాల్లో ఎలా వెయ్యాలి అని. పొద్దుట్నుంచీ అందరూ సాఫ్ట్‌వేర్ గురించే అడుగుతున్నారు. మనలో చాలామంది చేతులకి ప్రోషో అనే స్లైడ్ షో సాఫ్ట్‌వేర్ అలవాటు. దాన్ని తయారుచేసిన ఫోటోడెక్స్ కంపెనీ 2020 మొదట్లోనే మూతపడింది. పిక్చర్స్ టు ఎక్స్ఈ అని ఉండేది, ఇప్పుడు పీటీఈ ఏవీ స్టూడియో అంటున్నారు, అది ఫొటోల షోల కోసమే చేసింది, పాట గ్రాఫ్ కింద కనిపిస్తూ ఉంటే ఏ ఫొటో ఎక్కడ మారాలో చూసి పెట్టుకోవచ్చు. వీడియో ఎడిటింగ్ చేసే డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో కూడా హాయిగా చేసుకోవచ్చు. ఏది వాడినా ఫర్వాలేదు. అసలు గొడవ సాఫ్ట్‌వేర్‌లో లేదు.

మా బాబాయి ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు, పిల్లలు ఊరూరా చుట్టాల్ని అడిగి ఫొటోలు పోగుచేసి ఒకళ్లకిచ్చారు. ఎవరికిచ్చారో నేను చెప్పను, అది ముఖ్యం కూడా కాదు. నాలుగు నిమిషాల పాటలో మూడొందల ఫొటోలు. లెక్క వేయండి, నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు, ఒక్కో ఫొటోకి సెకను కూడా రాదు. ఆ కాస్తలో క్యూబులా తిరగడం, పేజీలా మడతపడటం, మీద గులాబీ రేకులు రాలడం. మా నాయనమ్మకి జన్మలో ఉన్నది ఒక్కటే ఫొటో. తిరుపతిలో వెనకాల గుడి బొమ్మ గీసిన పరదా ముందు నిలబడి తీయించుకున్నది, నిలువు ఫొటో. తెర అడ్డంగా ఉంది కాబట్టి పక్కలు నల్లగా మిగలకూడదని ఫొటోని తెరంతా నిండేలా పెంచే ఫిల్ ఫ్రేమ్ కొట్టేశారు. తల పైభాగం తెగింది, బొట్టు కూడా కనిపించలేదు. వచ్చింది, పోయింది. షో అయిపోయాక బాబాయి నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు, "మా అమ్మ ఫొటో పెట్టలేదేంట్రా?"

పెట్టారు. ఆయనకి కనిపించలేదు, అంతే.

నేను పరుగున వెళ్లి ఒక్కసారి మళ్లీ వేసి అక్కడ ఆపమన్నాను. కేక్ కటింగ్ ఉంది సార్, తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత రాలేదు. నేను ఇక్కడ మాట్లాడతానని ఒప్పుకున్నదే ఆ ఫొటో కోసం. మీలో ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. కస్టమర్ వచ్చి అన్నీ పెట్టండి, ఒక్కటి తగ్గినా మా అత్త అలుగుతుంది అంటాడు, మీరేం చేస్తారు! నాకు తెలుసు. దానికో దారి ఉంది. రెండు షోలు చెయ్యండి. అన్ని ఫొటోలూ ఉన్నది పాట లేకుండా భోజనాల దగ్గర టీవీలో తిరుగుతూ ఉంటుంది, అత్తగారు అక్కడ చూసుకుంటారు. జనం కుర్చీల్లో కూర్చుని చూసేది మాత్రం నలభై ఫొటోలు దాటొద్దు. అదే నాలుగు నిమిషాలకి ఒక్కోదానికి ఆరు సెకన్లు వస్తుంది. రెండో వరసలో కళ్లజోడు సర్దుకునే పెద్దావిడకి ఆ ఆరు సెకన్లూ కావాలి.

మీలో కోడాక్ కరోసెల్ స్లైడ్ ప్రొజెక్టర్ చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. వెనకాల ఇద్దరు ముగ్గురున్నారు, సంతోషం. గుండ్రటి ట్రే, మామూలుగా 80 స్లైడ్లు పట్టేవి. 2004లో ఆ ప్రొజెక్టర్ల తయారీ ఆపేశారు. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని వెలుగు తగ్గిస్తూ రెండోదాని వెలుగు పెంచేవాళ్లు, అదే మన డిసాల్వ్. ట్రేలో చోటు లేదు కాబట్టి ఏరక తప్పేది కాదు. ఇప్పుడు చోటుకి లోటు లేదు, ఏరే పని మాత్రం మనకి అలాగే ఉంది.

డిసాల్వ్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మన దగ్గర ఐదొందల ఎఫెక్ట్స్ ఉన్నా నేను వాడేది ఇదొక్కటే. పెళ్లికూతురు మూడో తరగతిలో దిగిన పాస్‌పోర్ట్ ఫొటో ఒకటి తీసుకోండి, పెళ్లినాటి క్లోజప్ ఒకటి తీసుకోండి. రెండింట్లోనూ కళ్లు తెర మీద సరిగ్గా ఒకే చోటికి వచ్చేలా సైజు, పొజిషన్ సర్దండి, తల వాలు కూడా కలపండి. డిసాల్వ్ నాలుగు సెకన్లు ఇవ్వండి. మధ్యలో రెండు ముఖాలూ కలిసి ఉండే ఒక క్షణం వస్తుంది, రెండు జడల పిల్ల ముఖంలోంచి బాసికం కట్టిన ముఖం పైకి వస్తుంది. ఆ మధ్య బొమ్మ మీ కెమెరాలో లేదు, మీ ఫోల్డర్లో లేదు, తెర మీదే పుడుతుంది. అక్కడ డోలు మోత వద్దు. సన్నాయి ఒక్కటే ఉంటే చాలు, లేదంటే ఏమీ వద్దు. ఇది చేసిచూపిస్తే ఆ అమ్మాయి తండ్రి మీ బిల్లులో రూపాయి తగ్గించమని అడగడు.

నిలువు ఫొటో సంగతి మళ్లీ చెబుతున్నా, దయచేసి తలలు కొయ్యకండి. పక్కలు నల్లగా వదిలేయండి, ఏం కాదు. పాత ఫొటో ఆల్బమ్‌కి అతుక్కుపోయి ఉంటే పీకకండి, పైపొర ఊడొస్తుంది, అలాగే ఉంచి పక్కనుంచి లైటు పడేలా పెట్టి కెమెరాతో కాపీ చెయ్యండి. విడిగా ఉంటే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల్లో, స్కాన్ చేస్తే చాలు, నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటు 2400 బై 3600 పిక్సెళ్లు వస్తుంది, ఫుల్ హెచ్‌డీ తెరకి అది ఎక్కువే.

ఇంకా పది నిమిషాలే అని చీటీ పంపారు. పాటల గురించి త్వరగా చెప్పేస్తాను. పెళ్లి సంబరాల్లో పాట వేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అదే షో మీ యూట్యూబ్ ఛానెల్‌లో పెడితే ఆ మినహాయింపు వెంట రాదు, కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. త్యాగరాజ కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు, కానీ ఫలానా విద్వాంసుడు పాడిన రికార్డింగ్ మీద 60 ఏళ్లు హక్కుంటుంది. అందుకని మీ ఊళ్లో వీణ నేర్పే అమ్మగారి దగ్గరికి వెళ్లి, డబ్బిచ్చి, అనుమతి తీసుకుని రికార్డు చేసుకోండి. అంతకంటే మంచిది ఇంకోటుంది. ఆ ఇంట్లో ముసలమ్మని కూర్చోబెట్టి ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ ఇదెవరమ్మా అని అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యండి, ఫ్యాన్ ఆపేసి. ఆ మాట వచ్చినప్పుడు పాట తగ్గించండి. మన తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం, పక్కన మద్దెల, కానీ బొమ్మ మాట్లాడాల్సి వచ్చిందంటే మద్దెల తగ్గుతుంది. నిమ్మలకుంట కళాకారుల ఆట చూడండి, ఆడియో మిక్సింగ్ ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలుస్తుంది.

హాలు విషయం. సభకి గంట ముందు వెళ్లండి, జనం రాకముందే షో మొదట్నుంచి చివరిదాకా వేసి చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ సౌండు ప్రొజెక్టర్‌లో ఉన్న చిన్న స్పీకర్‌కి వెళ్లిపోతుంది, సెట్టింగ్స్‌లో మార్చి సౌండ్ సిస్టమ్ ఆయన మిక్సర్‌కి కలపండి. బాక్సుల్లో గుయ్ మంటుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది. వాట్సాప్ మూసేయండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు లాంప్ ప్రొజెక్టర్ ఆరిపోతే వెంటనే వెలగదు, చల్లారాలి, అప్పటికి జనం లేచిపోతారు, కాబట్టి ప్రొజెక్టర్‌ని యూపీఎస్ మీదే పెట్టండి. స్టేజి మీద ఫోకస్ లైట్లు తెర మీద పడకుండా ఎవరు ఆపుతారో ముందే మాట్లాడుకోండి. లైట్ల మనిషికి టీ ఇప్పించండి, ఆయన మనవాడైపోతాడు.

మన సంఘానికి నాదొక్క విన్నపం, అధ్యక్షులవారు నోట్ చేసుకోవాలి. రేటు కార్డులో స్లైడ్ షో అని విడిగా ఒక లైను పెట్టండి. ఇప్పుడు దాన్ని ఆల్బమ్‌తో ఫ్రీగా ఇస్తున్నాం, ఫ్రీ పని కాబట్టి రాత్రి పన్నెండింటికి టెంప్లేట్‌లో ఫొటోలు పోసి పంపేస్తున్నాం. ఏరడానికి, స్కాన్‌కి, పెద్దావిడ గొంతు రికార్డింగ్‌కి, హాల్లో గంట ముందు ఉండటానికి డబ్బు అడగండి. అడిగి తీసుకుని ఆ పని చెయ్యండి. భోజనాలయ్యాక పక్క గదిలో నా స్కానరు, ల్యాప్‌టాప్ పెడతాను. ఇంటినుంచి పాత ఫొటోలు తెచ్చుకున్నవాళ్లు రండి, ఒక రెండు ఫొటోలకి కళ్లు కలిపి డిసాల్వ్ ఎలా పెట్టాలో మీ చేతే చేయిస్తాను.