ఏడవని బిడ్డ

శ్రోతలకు నమస్కారం.

"మా మనవరాలు బంగారు తల్లి డాక్టర్ గారూ, పాలకు కూడా ఏడవదు. మనమే లేపి పట్టాలి." కొన్నేళ్ల కిందట ఒక అమ్మమ్మ మురిసిపోతూ నాతో అన్న మాట ఇది. బిడ్డకు అప్పటికి నలభై రోజులు. పసిరికలు ఇంకా పూర్తిగా పోలేదు. విరేచనం మూడు నాలుగు రోజులకోసారి. బొడ్డు ఉబ్బి ఉంది. గిచ్చి ఏడిపిస్తే గొంతు బొంగురుగా వచ్చింది. ఆవిడ మెచ్చుకున్న ఆ బుద్ధిమంతతనం చూసే నాకు భయమేసింది. రక్తపరీక్ష చేయిస్తే అనుకున్నదే తేలింది. ఆ బిడ్డకు పుట్టుకతోనే థైరాయిడ్ హార్మోను చాలా తక్కువ.

పిల్లల హార్మోన్ జబ్బులు అనగానే చాలామంది ఎత్తు, లావు గురించి అడుగుతారు. అడగాల్సిందే. బడికి వెళ్లే పిల్లవాడు ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, ఆడపిల్లకు ఎనిమిదేళ్లు నిండకముందే యుక్తవయసు లక్షణాలు కనిపించినా చూపించాలి. ఉన్నట్టుండి దాహం ఎక్కువై, చిక్కిపోతూ, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందంటే అది షుగర్ కావచ్చు. దానికి రేపు అనకూడదు, ఆ రోజే వెళ్లాలి. అయితే ఈ కాస్త సమయంలో నేను ఆ అమ్మమ్మ చెప్పిన ఏడవని బిడ్డ గురించే మాట్లాడతాను. ఎందుకంటే మిగతా జబ్బుల్లో చాలావాటికి కాస్త ఆలస్యమైనా ఏదో ఒక దారి ఉంటుంది. ఇందులో పోయిన రోజులు తిరిగి రావు.

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో ఉంటుంది. పెద్దవాళ్లకు ఆ హార్మోను తగ్గితే నీరసం, బరువు పెరగడం. మాత్ర వేసుకుంటే సర్దుకుంటారు. పసిబిడ్డ సంగతి వేరు. మొదటి రెండు మూడేళ్లు మెదడు కట్టుకునే కాలం, ఆ కట్టుబడికి ఈ హార్మోను కావాలి. అది లేకుండా నెలలు గడిస్తే తెలివితేటలు శాశ్వతంగా దెబ్బతింటాయి.

మన దేశంలో సుమారుగా వెయ్యి మంది బిడ్డల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది. కొందరిలో గ్రంథి అసలు ఏర్పడదు. కొందరిలో మెడలోకి దిగకుండా నాలుక మొదట్లోనే ఆగిపోతుంది. ఇంకొందరిలో గ్రంథి ఉన్నా హార్మోను తయారు చేయలేదు. ఈ చివరి రకం జన్యువుల ద్వారా వస్తుంది, మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. ఆ అమ్మమ్మ ఇంట్లోనూ మేనమామ సంబంధమే. తప్పు కోడలిదా, కొడుకుదా అని పంచాయితీ పెట్టేవాళ్లకు ఒక మాట. ఈ రకంలో సాధారణంగా లోపమున్న జన్యువు ఇద్దరి దగ్గర నుంచీ రావాలి.

ఇంత పెద్ద లోపం పుట్టగానే ఎందుకు కనపడదు? కడుపులో ఉన్నప్పుడు తల్లి హార్మోను కొంత బిడ్డకు అందుతుంది. ఆ అప్పు మీద బిడ్డ కొన్నాళ్లు మామూలుగానే ఉంటుంది. పైకి తెలిసే నాటికి నష్టం మొదలై ఉంటుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా బిడ్డలందరికీ పరీక్ష చేయాలన్న ఆలోచన వచ్చింది. 1974లో కెనడాలోని క్విబెక్‌లో డుస్సో అనే వైద్యుడు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి ఈ పరీక్ష మొదలుపెట్టాడు. మన దగ్గర ఇప్పటికీ అన్ని ఆసుపత్రుల్లో చేయడం లేదు. కాబట్టి మీరే అడగాలి.

ఈ పరీక్షలో ముఖ్యంగా చూసేది టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని తట్టే హార్మోను; థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే ఇది పెరుగుతుంది. అయితే పుట్టిన వెంటనే ఇది ఎవరికైనా పెరుగుతుంది, అందుకని రెండు రోజులు దాటాక, మూడు రోజులు నిండేలోపు రక్తం తీయడం మంచిది. కొన్నిచోట్ల బొడ్డు తాడు రక్తంతోనూ చేస్తారు. నేను చూసిన చిక్కు మరొకటి ఉంది. రక్తం తీస్తారు, బిడ్డతో ఇంటికి వెళ్లిపోతారు, రిపోర్టు మాత్రం ఎవరూ తెచ్చుకోరు. బారసాల హడావిడిలో ఆ కాగితం గుర్తుండదు. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే నంబరు కలవదు.

జబ్బు తేలితే వైద్యం చాలా సులువు. థైరాక్సిన్ మాత్ర, రోజుకోసారి. రెండు వారాల వయసులోపే మొదలుపెడితే చాలామంది పిల్లలు తోటివాళ్లలాగే చదువుకుంటారు. ఉగ్గుగిన్నెలో మాత్రను మెత్తగా నలిపి, నాలుగు చుక్కలు తల్లిపాలు కలిపి, చెంచాతో నోట్లో వేయాలి. సీసాడు పాలలో కలపవద్దు, బిడ్డ సగం తాగి వదిలేస్తే మందూ సగమే. ఐరన్, కాల్షియం చుక్కలు వేస్తుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. వేసిన వెంటనే కక్కేస్తే మళ్లీ వేయాలి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ మోతాదు మారుతుంది, కాబట్టి మొదట్లో రక్తపరీక్షలు తరచుగా ఉంటాయి.

ఒక్క పొరపాటు మాత్రం పదేపదే చూస్తుంటాను. టీఎస్‌హెచ్ నార్మల్ అని రిపోర్టు రాగానే మందు మానేస్తారు. అది మందు వల్ల వచ్చిన నార్మల్. మూడేళ్లు నిండేదాకా ఆపే ఆలోచనే వద్దు. తర్వాత కొందరిలో కొన్ని వారాలు ఆపి చూస్తాం, అదీ డాక్టర్ చూపులోనే.

ఆ మనవరాలు ఇప్పుడు ఏడో తరగతి. బాగానే చదువుతుంది, లెక్కలంటేనే కాస్త తడబాటు. అది ఆ నలభై రోజుల వల్లా, లేక లెక్కల వల్లే లెక్కలు రావడం లేదా అన్నది చెప్పలేను. ఆ తర్వాత ఆ ఇంట్లో మనవడు పుట్టాడు. మూడో రోజే రక్తం తీయించి, రిపోర్టు కోసం అమ్మమ్మే వచ్చి కూర్చుంది. అంతా నార్మల్. వారం తిరక్కుండా ఫోన్ చేసింది, వీడు రాత్రంతా ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు డాక్టర్ గారూ అని. ఏడవనివ్వండమ్మా అన్నాను.

నమస్కారం.