గన్నవరం నుంచి శంషాబాద్‌కి: రూటు, ఎత్తు ముందే వేసుకుందాం | సిమ్‌బ్రీఫ్, లిటిల్ నావ్‌మ్యాప్ రివ్యూ

నమస్తే అండి. ఇది కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే సిమ్. స్క్రీన్ మీద ఉన్నది మన గన్నవరం విమానాశ్రయం, దాని కోడ్ వీఓబీజెడ్. ప్రొపెల్లర్ల విమానం ఏటీఆర్ 72 రెడీగా ఉంది, వెళ్లాల్సింది శంషాబాద్. ఇంజిన్లు స్టార్ట్ చేసే ముందు రూటు, ఎత్తు వేసుకుందాం. ఇందుకు నేను వాడేవి సిమ్‌బ్రీఫ్, లిటిల్ నావ్‌మ్యాప్. రెండూ ఫ్రీనే.

ముందు సిమ్‌బ్రీఫ్. బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ విమానం అన్నది ఇస్తే రూటు, ఇంధనం, పైన గాలులు అన్నీ లెక్కగట్టి, ఎయిర్‌లైన్ పైలట్ల చేతిలో ఉండే లాంటి ప్లాన్ ఇస్తుంది. ఒక్క సంగతి. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. ఫ్రీ అకౌంట్‌కి వచ్చేది పాత డేటా, తాజాది కావాలంటే ఆ డేటా అమ్మే నావిగ్రాఫ్ కంపెనీకి డబ్బు కట్టాలి. మీ సిమ్‌లో డేటా ఒకటి, ప్లాన్‌లో డేటా ఇంకొకటి అయితే రూటులో గుర్తుగా పెట్టే పాయింట్లు ఒకటీ అరా దొరకవు. కంగారు పడకండి, అది తీసేసి తర్వాతి పాయింట్‌కి కలిపేయండి.

ఇక ఎత్తు. ఇది మాత్రం ముందు మీరే కాగితం మీద వేయండి, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూడండి. శంషాబాద్ మనకి పడమర, కాస్త ఉత్తరానికి. దిక్కు దాదాపు 287 డిగ్రీలు. 180 నుంచి 359 వరకు సరి లెవెల్స్, అంటే 140, 160, 180. లెవెల్‌ని వందల అడుగుల్లో చెబుతారు, 160 అంటే 16,000 అడుగులు. 0 నుంచి 179 వరకు బేసివి. ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకే ఎత్తులో ఉండకూడదనే ఈ నియమం. దూరం సుమారు 140 నాటికల్ మైళ్లే. ఏటీఆర్ 25,000 అడుగుల దాకా వెళ్లగలదు, కానీ ఇంత చిన్న దారిలో అంత ఎక్కితే ఎక్కడానికీ దిగడానికే సరిపోతుంది. అందుకే వెళ్లేటప్పుడు 160, వచ్చేటప్పుడు 170.

దిగడం దగ్గర కాస్త ఆగుదాం. దిగాల్సిన ప్రతి వెయ్యి అడుగులకి 3 నాటికల్ మైళ్ల ముందు నుంచే దిగడం మొదలుపెట్టాలి. శంషాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉంది. 16,000లోంచి 2,000 తీస్తే 14, మూడు పద్నాలుగులు 42 మైళ్లు. మన గన్నవరం డెల్టాలో ఉంది, ఎత్తు వంద అడుగులు కూడా లేదు. కాబట్టి తిరుగు ప్రయాణంలో మూడు పదిహేడులు 51. మొదట్లో నేను వెళ్లేటప్పటి 42నే వచ్చేటప్పుడూ వాడాను. 9 మైళ్లు ఆలస్యం, అంటే 3,000 అడుగులు ఎక్కువ. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3,500లో ఉండాల్సినవాణ్ణి 6,500లో ఉన్నాను. ముక్కు దించితే స్పీడు పెరిగింది, చివరికి చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి రెండు వైపుల లెక్కా విడివిడిగా రాసుకుంటున్నాను. దిగే రేటుకి గ్రౌండ్ స్పీడుని, అంటే నేల మీద లెక్కకి వచ్చే వేగాన్ని, 5తో గుణించండి. 240 నాట్లుంటే నిమిషానికి 1,200 అడుగులు.

లిటిల్ నావ్‌మ్యాప్ నాకు ఎంతో ఇష్టం. రూటు గీయగానే కింద నేల ఎత్తుపల్లాలు గీతలా కనిపిస్తాయి. చిన్న సెస్నా విమానంలో కృష్ణ వెంట బ్యారేజీ, అమరావతి, పులిచింతల, నాగార్జునసాగర్ అని గీసి చూడండి, డెల్టా దాటాక నేల ఎలా లేస్తుందో తెలుస్తుంది. కంటితో చూస్తూ నడిపే ఫ్లైట్ 3,000 అడుగులు దాటితే, ఆ సరి, బేసి వేలకే ఇంకో 500 కలుపుతాం. పడమరకి 4,500, తిరిగి వచ్చేటప్పుడు 5,500.

మే నెల వాతావరణం పెట్టుకుంటే ఇంకో మాట. 45 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, గన్నవరం 3,600 అడుగుల ఎత్తున్న ఊరిలా ప్రవర్తిస్తుంది. రన్‌వే ఎక్కువ పడుతుంది, ఎక్కడమూ నిదానమే.

నా మాట ఇది. ఏటీఆర్‌కీ జెట్‌కీ సిమ్‌బ్రీఫ్, నది వెంటా కొండల మధ్యా తిరగడానికి లిటిల్ నావ్‌మ్యాప్. ఒక్కటే పెట్టుకోమంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లకి రెండోదే ఇస్తాను, నేలని చూపిస్తుంది కాబట్టి.

గాలి పడమర నుంచి ఉంది, రన్‌వే 26. రెక్కల వెనక దించే ఫ్లాప్స్ 15. పార్కింగ్ బ్రేక్ తీస్తున్నాను.